మా సర్వే నంబరు మీ కమిటీ గది దాకా రాలేదు: తెలంగాణ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

శాసనసభలో, శాసనమండలిలో కూర్చునే పెద్దలందరికీ నమస్కారం.

అధికార పక్షానికి ఒకటి, ప్రతిపక్షానికి ఒకటి అని రెండు ఉత్తరాలు రాయడం లేదు. భూమి బిల్లులను కమిటీకి పంపకుండానే రెండు మూడు రోజుల్లో ఆమోదించే విషయంలో మీరంతా ఒకే బాటలో నడిచారు, మధ్యలో అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు మారి కూర్చున్నారంతే. నేను రాజకీయాల మనిషిని కాదు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాసుకునే ఉద్యోగిని. ఊళ్ళో నాన్న పేరు మీద మూడెకరాల పన్నెండు గుంటలు ఉంది. ఆ మూడెకరాల పన్నెండు గుంటల పుణ్యమా అనే శాసనసభకు నియమావళి అనే పుస్తకం ఒకటి ఉంటుందనీ, అందులో కమిటీల గురించి పేజీలకు పేజీలు ఉంటాయనీ నాకు తెలిసింది. లేకపోతే నాకెందుకండీ ఈ గొడవ.

2020 సెప్టెంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారు సభలో కొత్త రెవెన్యూ బిల్లు పెట్టారు, భూమి హక్కులు, పట్టాదారు పాస్‌పుస్తకాల బిల్లు. 11న సభ ఆమోదించింది, 14న మండలి ఆమోదించింది. 1971 నుంచి నడుస్తున్న చట్టాన్ని తీసేసి దాని జాగాలో కొత్తది కూర్చోబెట్టడానికి వారం కూడా పట్టలేదు. ఆ రోజు మా ఊళ్ళో టీవీ ముందు కూర్చున్న వాళ్ళు సంతోషపడ్డారు, అబద్ధం ఎందుకు చెప్పాలి, నేనూ పడ్డాను. వీఆర్ఓ వ్యవస్థ రద్దు అనగానే పీడ పోయిందనుకున్నాం, ఎందుకంటే పాస్‌బుక్కు కోసం ఎవరికి ఎంత ముట్టజెప్పామో మా దగ్గర ఇంటింటికీ ఒక లెక్క ఉండేది. ఆ చట్టంతో వచ్చిన ధరణి అనే భూరికార్డుల వెబ్‌సైట్‌లో స్లాట్ బుక్ చేసుకుంటే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) రెండూ ఒక్క పూటలో అయిపోతాయన్నారు. చాలామందికి అయ్యాయి కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. రికార్డులో తప్పు లేనివాళ్ళకు అయ్యాయి.

2021 ఎండాకాలంలో చెల్లెలి పెళ్ళి కుదిరింది. అరెకరం అమ్ముదామనుకున్నాం, కొనేవాళ్ళు కూడా పక్క ఊరి వాళ్ళే, బయానా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మీసేవలో కుర్రాడు మా సర్వే నంబరు కొట్టి, కాసేపు చూసి, ఏం మాట్లాడకుండా స్క్రీను మా వైపు తిప్పాడు. నిషేధిత జాబితా. నాన్నకు చదువు అంతంత మాత్రమే గాని ఆ మాట మాత్రం చదివాడు. మా సర్వే నంబరు మొత్తం పదకొండు ఎకరాలు, నలుగురు పట్టాదారులం. ఎప్పుడో అందులో ఒక మూలన పద్దెనిమిది గుంటలు కాలువ కింద పోయింది, అది కూడా మాది కాదు, పక్కాయనది. ఆ పద్దెనిమిది గుంటల కోసం పదకొండు ఎకరాలకూ తాళం పడింది. "దున్నుకోవచ్చునట గని అమ్మరాదట, గిదేం లెక్కరా?" అన్నాడు నాన్న బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ.

తహసీల్దార్ ఆఫీసుకు పోతే అక్కడి సారు మంచిగానే మాట్లాడాడు. మీది తప్పు కాదని నాకు తెలుసు, కానీ దిద్దే ఆప్షన్ నా లాగిన్‌లో లేదు, కలెక్టర్ గారి లాగిన్‌కే పోవాలి అన్నాడు. సరే, మళ్ళీ మీసేవ, మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ రుసుం, ఆ పైన సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి, అక్కడ టోకెను, వరండాలో మాలాంటి వాళ్ళు ఒక యాభై మంది, అందరి చేతుల్లోనూ అవే ప్లాస్టిక్ కవర్లు, అందులో పాత పహాణీ (ఏటేటా రాసే సాగు రికార్డు), కొత్త పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్స్. మా కవర్లో చివరికి పదకొండు రసీదులు పోగయ్యాయి. పెళ్ళి ఆగదు కదా, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి చేశాం. 2024 ఫిబ్రవరి చివర్లో తహసీల్దార్లకు, ఆర్డీఓలకు కొన్ని అధికారాలు పంచుతూ ప్రభుత్వం ఆదేశాలిచ్చింది, మార్చిలో ప్రత్యేక డ్రైవ్ పెట్టింది, అప్పుడు మా నంబరు విడుదలైంది. అప్పటికి వడ్డీ అసలును పట్టుకుంది. దీని మీద ఫలానా ఆఫీసు, ఫలానా సారు అని ఎవరినీ అనదలచుకోలేదు, ఎందుకంటే వాళ్ళ చేతులు కట్టేసింది మీరు.

అక్కడే నాకు మండింది. ఒక్క ఆదేశంతో తహసీల్దారుకు ఇవ్వగలిగిన అధికారం 2020 సెప్టెంబర్‌లోనే ఎందుకు ఇవ్వలేదు? 1971 చట్టంలో తప్పు పడితే ఆర్డీఓ దగ్గర అప్పీలు ఉండేది, ఆ పైన రివిజన్ ఉండేది. కొత్త చట్టంలో ఆ మెట్లు తీసేశారు. ఏమన్నా ఉంటే సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. మూడెకరాల రైతు ఒక జాబితాలో పడ్డ తప్పుకు సివిల్ కోర్టుకు పోవాలా? ఈ ప్రశ్న అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు, మా ఊరి చావడిలో కూర్చున్న ఎవరైనా అడుగుతారు. కానీ ఆ ప్రశ్నను తీరిగ్గా పట్టుకుని, క్లాజు మీద వేలు పెట్టి, "సారూ, టైపింగ్ తప్పు పడితే ఎవరు దిద్దాలి, ఎన్ని రోజుల్లో దిద్దాలి, దిద్దకపోతే ఎవరి దగ్గరికి పోవాలి" అని అధికారిని కూర్చోబెట్టి అడిగే చోటు ఒకటి ఉండాలి కదా. పొద్దున్నుంచి రాత్రి దాకా జరిగే సభలో, పార్టీకి ఇన్ని నిమిషాలని పంచుకునే సభలో, ఆ పని కాదు. అది కమిటీ గదిలో అయ్యే పని.

మీకు తెలియనిదేం కాదు గాని, మాలాంటి వాళ్ళ కోసం చెబుతాను. బిల్లు ప్రవేశపెట్టాక దాన్ని నేరుగా పరిశీలనకు తీసుకోవాలని అడగొచ్చు, లేదా బిల్లును క్లాజు క్లాజుగా చూడడానికి కొందరు సభ్యులతో వేసే సెలెక్ట్ కమిటీకి పంపాలని అడగొచ్చు, రెండు సభలదీ కలిపి జాయింట్ సెలెక్ట్ కమిటీ వేయమనొచ్చు, ప్రజాభిప్రాయం కోసం బయటికి పంపమని కూడా అనొచ్చు. నాలుగు దారులు ఉంటే మన దగ్గర దాదాపు ఎప్పుడూ మొదటి దారే. మిగతావి పుస్తకంలో ఉన్నాయి. సెలెక్ట్ కమిటీలో అధికార పక్షం వాళ్ళే ఎక్కువమంది ఉంటారు కాబట్టి ప్రభుత్వం ఓడిపోతుందన్న భయం కూడా లేదు. పైగా ఫిరాయింపుల చట్టం విప్‌ను, అంటే పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ముడిపెట్టింది సభలో వేసే ఓటుకు, కమిటీ గదిలో అడిగే ప్రశ్నకు కాదు. అంటే అధికార పార్టీ ఎమ్మెల్యే కూడా తన నియోజకవర్గంలో ప్రతి సోమవారం చూసే బాధను అక్కడ నోరు తెరిచి చెప్పొచ్చు. కెమెరాలు ఉండవు, కాబట్టి ఎవరూ డైలాగులు కొట్టాల్సిన పని లేదు.

ఒక్కసారి ఊహించుకోండి. 2020 సెప్టెంబర్‌లో ఆ బిల్లును ఒక నలభై రోజులు కమిటీకి ఇచ్చి ఉంటే, కమిటీ ఒక రిటైర్డ్ గిర్దావరును, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరును, పిలిచేది, ఒక సర్వేయరును పిలిచేది, భూమి కేసులు వాదించే ఒక లాయరును, మీసేవ నడిపే ఒక కుర్రాడిని, మా నాన్నలాంటి ఒకాయన్ని పిలిచేది. గిర్దావరు పహాణీ నకలు టేబుల్ మీద పరిచి, అయ్యా ఈ కాస్తు కాలమ్ తీసేస్తే దున్నేవాడి పేరు ఎక్కడా ఉండదు, ఈ సర్వే నంబరులో బై నంబర్లు విడగొట్టలేదు కాబట్టి కంప్యూటర్‌లో ఎక్కిస్తే మొత్తం నంబరు ఒకే ముద్దగా పోతుంది అని పావుగంటలో చెప్పేవాడు. ఆ పావుగంట మాకు మూడేళ్ళ వడ్డీ మిగిల్చేది.

ఇది నా ఊహ అనుకుంటారేమో, సాదాబైనామాల సంగతి చూడండి. తెల్లకాగితాల మీద కొనుక్కున్న చిన్న రైతుల భూములు క్రమబద్ధీకరిస్తామని 2020 అక్టోబర్‌లో దరఖాస్తులు పిలిచారు, అదీ పాత 1971 చట్టం కింద. దరఖాస్తులు ఇంకా తీసుకుంటూ ఉండగానే అక్టోబర్ 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చి పాత చట్టం చచ్చిపోయింది. గడువేమో నవంబర్ 10. చచ్చిపోయిన చట్టం కింద దరఖాస్తులు ఎలా తీసుకుంటారని హైకోర్టు నవంబర్‌లో అడ్డం పెట్టింది. మొత్తం తొమ్మిది లక్షల దాకా దరఖాస్తులు, వాటిలో ఎక్కువ భాగం 29 తర్వాత వచ్చినవే, ఏళ్ళ తరబడి అటకెక్కాయి. ఎవరి కుట్రా లేదండీ ఇందులో. ఒక చేత్తో రాసింది రెండో చేతికి తెలియకపోవడం, అంతే. పాత చట్టం రద్దు చేసే క్లాజు దగ్గర ఆగి, "దీని కింద నడుస్తున్న పనులేమున్నాయి, వాటి గతేంటి" అని అడిగే పద్ధతి కమిటీల్లో మామూలు విషయం. మూడు రోజుల్లో ఆ క్లాజు దాకా ఎవరు చేరతారు?

కమిటీకి పోయిన చట్టం ఎలా ఉంటుందో కూడా మన రైతులకు తెలుసు, పేరు తెలియకపోయినా. 2013 భూసేకరణ చట్టం. ఆ బిల్లు 2011 సెప్టెంబర్‌లో లోక్‌సభకు వచ్చింది. గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి పంపారు, అప్పుడు దాని అధ్యక్షురాలు సుమిత్రా మహాజన్, అంటే ప్రతిపక్ష సభ్యురాలు. నెలల తరబడి కూర్చుని 2012 మేలో నివేదిక ఇచ్చారు. బిల్లులో ఒక జాబితా ఉండేది, జాతీయ రహదారులు, రైల్వేలు, బొగ్గు గనులు వగైరా 16 చట్టాల కింద తీసుకునే భూములకు ఈ కొత్త చట్టం వర్తించదని. ఆ మినహాయింపులు తీసేయండి అంది కమిటీ. ప్రభుత్వం పూర్తిగా తీసేయలేదు గాని, జాబితాలో మిగిలిన 13 చట్టాల కింద కూడా ఏడాదిలోగా ఇదే లెక్కన పరిహారం అమలు చేయాలన్న షరతు చివరి చట్టంలోకి వచ్చింది. ఇవాళ హైవేలో భూమి పోయిన రైతు 2013 చట్టం ప్రకారం ఇవ్వండి అని అడగగలుగుతున్నాడంటే కమిటీ రాసిన ఆ మాటకు అందులో వాటా ఉంది. మల్లన్నసాగర్ జలాశయం ముంపు ఊళ్ళ వాళ్ళు కోర్టు మెట్లెక్కి అడిగిందీ ఆ చట్టాన్నే. నచ్చినా నచ్చకపోయినా పన్నెండేళ్ళుగా నిలబడింది. మన 2020 చట్టం ఎన్నేళ్ళు నిలబడింది? మీకే తెలుసు.

పక్క రాష్ట్రం మనకంటే బాగుందని కాదు. ఆంధ్రలో భూ యాజమాన్య హక్కుల చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్, 2019లో సభ మొదటిసారి ఆమోదించింది, ఢిల్లీకి పోయి వచ్చి మళ్ళీ మళ్ళీ ఆమోదించారు, 2023 అక్టోబర్ 31న అమల్లోకి తెచ్చారు, లాయర్లు కోర్టులు బహిష్కరించారు, ఎన్నికల్లో అదే పెద్ద గొడవైంది, 2024 జులైలో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. సివిల్ కోర్టు చేసే పని అధికారికి అప్పగించొచ్చా లేదా అన్నది నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న, రెండు వైపులా వాదనలున్న ప్రశ్న, దాన్ని ఎన్నికల మైకుల ముందు తేల్చుకున్నారు. సెలెక్ట్ కమిటీ అనే మాట కూడా మన తెలుగువాళ్ళలో చాలామంది విన్నది 2020 జనవరి 22 రాత్రే, టీవీల్లో. మూడు రాజధానుల బిల్లు, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లు రెండింటినీ మండలి చైర్మన్ షరీఫ్ గారు తన విచక్షణాధికారంతో సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు. ఆ కమిటీ ఏనాడూ కూర్చోలేదు. నిబంధనల ప్రకారం కుదరదంటూ ఫైలు వెనక్కొచ్చింది, అయిదు రోజుల్లో మండలినే రద్దు చేయాలని సభ తీర్మానం చేసింది, జులై 31న గవర్నర్ సంతకంతో బిల్లులు చట్టాలయ్యాయి, మరుసటి ఏడాది నవంబర్‌లో ఆ చట్టాలనూ వెనక్కి తీసుకున్నారు, మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకున్నారు. ఒకరు కమిటీని బ్రేకులా వాడుకోవాలని చూశారు, ఇంకొకరు బ్రేకు పీకేశారు. అమరావతిలో భూమి ఇచ్చిన రైతును గాని, వైజాగ్, కర్నూలు వాళ్ళను గాని ఒక గదిలోకి పిలిచి బిల్లు ముందు పెట్టి మాట్లాడించిన వాళ్ళు మాత్రం లేరు.

మన దగ్గరికి వస్తాను. ధరణి మీద కమిటీలు వేయలేదా అని మీలో కొందరు అనొచ్చు. వేశారు. 2021లో హరీశ్ రావు గారి అధ్యక్షతన మంత్రివర్గ ఉపసంఘం వేశారు. ప్రభుత్వం మారాక 2024 జనవరిలో కోదండరెడ్డి గారు, రేమండ్ పీటర్ గారు, భూచట్టాల నిపుణుడు సునీల్ గారు వగైరాలతో ఇంకో కమిటీ వేశారు. రెండో కమిటీ జిల్లాలకు తిరిగింది, అధికారులతో మాట్లాడింది, మంచి పనే చేసింది. కానీ అవి ప్రభుత్వం తనకోసం వేసుకున్న కమిటీలు. వాటి నివేదిక ప్రభుత్వానికి పోతుంది, ఇష్టమైతే బయటపెడతారు. శాసనసభ కమిటీ వేరు. అందులో ప్రతిపక్ష సభ్యుడు ఉంటాడు, ఒప్పుకోకపోతే అసమ్మతి రాసి నివేదికకు అతికిస్తాడు, నివేదిక సభ ముందుకు రావాలి. పేరొకటే కావడంతో జనం రెండూ ఒకటే అనుకుంటున్నారు, కొన్నిసార్లు మీరూ అలాగే మాట్లాడుతున్నారు.

ధరణి చట్టం జాగాలో వచ్చిన భూభారతి చట్టం సంగతికి వస్తే, దాని ముసాయిదాను 2024 ఆగస్టులో వెబ్‌సైట్‌లో పెట్టి సలహాలడిగారు. ధరణి చట్టానికి ఈ మాత్రం కూడా జరగలేదు కాబట్టి మెచ్చుకోవాలి, మెచ్చుకుంటున్నాను. అప్పీళ్ళు తిరిగి తెచ్చారు, తప్పులు దిద్దే దారి పెట్టారు. కానీ వచ్చిన సలహాల్లో ఏవి తీసుకున్నారు, ఏవి తీసేశారు, ఎందుకు తీసేశారు? సభ ఆ లెక్క అడిగిందా? బిల్లు డిసెంబర్ 18న పెట్టారు, 20న ఆమోదించారు. మళ్ళీ మూడు రోజులే! 20న సభ ఎలా జరిగిందో అందరం చూశాం. ఫార్ములా ఈ కార్ల రేసు కేసు మీద చర్చ కావాలని బీఆర్ఎస్ సభ్యులు పట్టు, కాగితాలు చించి విసరడాలు, నినాదాలు, ఆ గోలలోనే భూభారతి. ధరణిని నడిపి, దాని మంచిచెడ్డలు లోపలినుంచి తెలిసిన పార్టీ సరిగ్గా ఆ రోజు భూమి గురించి మాట్లాడలేదు, మాట్లాడించాలని అధికార పక్షమూ పెద్దగా ఆరాటపడలేదు. 2020లో తొందరెందుకని అడిగినవాళ్ళు 2024లో తొందరపడ్డారు, 2020లో తొందరపడినవాళ్ళు 2024లో వేరే పనిలో ఉన్నారు. మా నాన్న ఈ రెండు చట్టాలకూ ఒకే మాట అన్నాడు, "మల్లొకటా?" అని.

కమిటీల మీద మీకు ఆసక్తి లేదని నేననను. పీఏసీ, అంటే ప్రజాపద్దుల కమిటీ, చైర్మన్ కుర్చీ విషయంలో చాలా ఆసక్తి ఉంది. 2023 డిసెంబర్‌లో కొత్త సభ వస్తే పీఏసీ, అంచనాల కమిటీ, ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ ఏర్పడింది 2024 సెప్టెంబర్‌లో. తొమ్మిది నెలలు. ఏర్పడిన రోజు నుంచీ గొడవ, చైర్మన్ అయిన అరెకపూడి గాంధీ గారు ప్రతిపక్షమా కాదా అని. రికార్డులో బీఆర్ఎస్సే అని ఒకరు, కండువా మారింది కదా అని ఇంకొకరు. అంతకు ముందు సభలో కాంగ్రెస్ నుంచి పన్నెండు మంది టీఆర్ఎస్‌లో కలిసిపోయాక ఆ కుర్చీ మజ్లిస్ పార్టీకి పోయింది. ఆంధ్రలో 2024 నవంబర్‌లో ఇంకో కథ. అసెంబ్లీ నుంచి పీఏసీకి తొమ్మిది మందిని దామాషా పద్ధతిలో ఎన్నుకోవాలి, 175 మంది ఉన్న సభలో ఒక్కడు గెలవాలంటే పద్దెనిమిది ఓట్లు కావాలి, వైసీపీకి ఉన్నది పదకొండు. వాళ్ళు ఓటింగ్ బహిష్కరించారు, చైర్మన్ పదవి జనసేనకు, అంటే ప్రభుత్వంలో ఉన్న పార్టీకే పోయింది. ప్రభుత్వం ఖర్చు పెట్టిన డబ్బుకు కాగ్ ఇచ్చిన నివేదికను చూసి అధికారులను నిలదీసే కమిటీ అది. లోక్‌సభలో 1967 నుంచీ ఆ కుర్చీ ప్రతిపక్షానికిచ్చే ఆనవాయితీ ఉందంటే కారణం ఉంది. కుర్చీ గురించి మీరు పెట్టిన ప్రెస్‌మీట్లు అన్నీ చూశాను నేను, టీ తాగుతూ. ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఏ పేరా మీద ఏ సెక్రటరీని ఏమడిగింది అనే ప్రెస్‌మీట్ ఒక్కటీ చూసిన గుర్తు లేదు.

కేరళలో 1980 నుంచి సబ్జెక్ట్ కమిటీలున్నాయి, ఇప్పుడు 14. వ్యవసాయం ఒకటి, రెవెన్యూ ఒకటి, ఆరోగ్యం ఒకటి, అలా. బిల్లు ప్రవేశపెట్టాక మామూలుగా ఆ కమిటీకి పోతుంది, బడ్జెట్‌లో శాఖల పద్దులు కూడా సభ ఓటు వేసే ముందు అవి చూస్తాయి. అక్కడ ఒక తిరకాసు ఉంది, ఆ శాఖ మంత్రే కమిటీకి అధ్యక్షుడు, అంటే పరీక్ష రాసేవాడే పేపరు దిద్దుతున్నట్టు. పార్లమెంటు 1993లో స్థాయీ సంఘాలు పెట్టినప్పుడు మంత్రులను సభ్యులుగా కూడా ఉండనివ్వలేదు, అదే మంచి పద్ధతి. కానీ మంత్రి కూర్చున్న కమిటీ అయినా అసలు లేకపోవడం కన్నా నయం కదా. మనకేమో 119 మంది, మండలిలో 40 మంది ఉన్నారు, మనుషులు చాలరని అనడానికి లేదు.

కమిటీ వేస్తే పని తొక్కేసినట్టే అని మీరంటారు. మా ఊళ్ళోనూ అదే అంటారు, "కమిటీ ఏసిండ్రంటే అయిపోయినట్టే" అని. ఆ పేరు ఊరికే రాలేదు. ఏదైనా విషయం విచారించడానికి సభ వేసే హౌస్ కమిటీ అంటే గత ప్రభుత్వం మీద కోపం తీర్చుకునే ఆయుధం అయిపోయింది, రెండు రాష్ట్రాల్లోనూ. అందుకే గడువు పెట్టమంటున్నాను, నలభై అయిదు రోజులు, ఆ లోపు నివేదిక రాకపోతే బిల్లు దాని మానాన సభకు రావాలి. అన్ని బిల్లులూ పంపమనడం లేదు. ఎమ్మెల్యేల జీతాల బిల్లును ఏ కమిటీకీ పంపనక్కర్లేదు, దాని మీద మీలో అభిప్రాయ భేదాలు ఎప్పుడూ ఉండవు. భూమి, నీళ్ళు, పింఛను, ఇల్లు, పంచాయతీ, వీటిని ముట్టుకునే బిల్లు మాత్రం కమిటీ గడప తొక్కకుండా పోకూడదు. కమిటీ హైదరాబాద్‌లోనే కూర్చోకుండా ఒక్క మండలానికైనా పోవాలి, తహసీల్దార్ ఆఫీసు వరండాలో ఒక పూట నిలబడాలి. నివేదిక తెలుగులో రావాలి, మాకు అర్థమయ్యే తెలుగులో, "సదరు ఉపనిబంధన మేరకు" అనే తెలుగులో కాదు.

ఇంకొకటి, ఇది వెంటనే చేయదగ్గది. భూభారతి నియమాలు 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. చట్టం ఏం చెప్పినా రైతు బతుకు నడిచేది ఆ నియమాల మీదే: ఏ దరఖాస్తు ఎవరి లాగిన్‌కు పోతుంది, ఎన్ని రోజులు, ఎంత రుసుం. ప్రభుత్వం చేసే నియమాలు చట్టం దాటి పోతున్నాయా లేదా అని చూడడానికే సభలో ఒక కమిటీ ఉండాలి, చాలా సభల్లో ఉంటుంది, సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ అంటారు. ఆ కమిటీతో ఈ నియమాలు ఒక్కసారి చదివించండి. రెవెన్యూ సదస్సుల్లో వచ్చిన దరఖాస్తుల్లో ఎన్ని తిరస్కరించారో, ఏ కారణం రాసి తిరస్కరించారో తెప్పించుకుని చూడండి. కొత్త చట్టం రద్దయ్యే దాకా ఆగక్కర్లేదు, తప్పు ఇప్పుడే కనపడితే ఇప్పుడే ఒక క్లాజు మార్చొచ్చు. అలాగే పిటిషన్ల కమిటీ అని ఒకటి ఉంటుందట, మామూలు మనిషి కూడా సభకు అర్జీ పెట్టుకోవచ్చట. పదకొండు సోమవారాలు తిరిగాను, ఒక్క ఆఫీసు గోడ మీద ఆ మాట కనిపించలేదు. ఎవరికి రాయాలి, ఏ ఫారం, ఏ చిరునామా, ఒక చిన్న బోర్డు పెట్టిస్తే మీ సొమ్మేం పోదు.

మీలో కొందరు ఇవన్నీ తెలిసినవాళ్ళే. సర్పంచులుగా, జడ్పీటీసీలుగా చేసి వచ్చినవాళ్ళు ఉన్నారు, పాస్‌బుక్కు పట్టుకుని మీ ఇంటి ముందు నిలబడేవాళ్ళ పేర్లు కూడా మీకు తెలుసు. సభలో మీకు మాట్లాడడానికి దొరికే అయిదు నిమిషాల్లో మూడు నిమిషాలు మీ నాయకుడిని పొగడడానికే పోతున్నాయి, అది మీ ఇబ్బంది, అర్థం చేసుకోగలను. కమిటీ గదిలో ఆ మూడు నిమిషాలు మిగులుతాయి.

మా ప్లాస్టిక్ కవరు ఇంకా ఇంట్లోనే ఉంది, పదకొండు రసీదులతో సహా. నంబరు విడుదలయ్యాక నాన్న దాన్ని పారేయమన్నాడు, నేనే బీరువా మీద పెట్టాను. నియమాల మీద కమిటీ కూర్చుంటే కబురు చేయండి. సెలవు పెట్టి నాన్నను తీసుకొస్తాను, ఆయన కుర్చీలో కూర్చోడు, నిలబడే మాట్లాడతాడు, ఒక పావుగంట ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పట్టాదారు కొడుకు